కట్టెకాలి మార్కులు

దొరవారిసత్రం
4 సెప్టెంబరు 1961

అమీర్ భాయ్‌కి,

జకరయ్య వందనాలు. ఇక్కడ మేము బతికే ఉన్నాం. నువ్వూ షాజాదీ వదినా కూడా ఆ మాత్రం బాగానే ఉన్నారని నమ్ముతున్నాను.

కాలు పోయాక నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. నువ్వు రాసిన నాలుగు కార్డులకూ జవాబివ్వలేదు. ఏమని ఇవ్వను? చిల్లకూరు మలుపులో లారీ నా ఎడమ కాలి మీదుగా పోయిందనీ, మోకాలి కింద నుంచి తీసేశారనీ, మదరాసు ఆసుపత్రిలో ఒక కట్టెకాలు తగిలించి పంపారనీ నవోమి నీకు ముందే రాసేసింది. నా పెళ్ళాం నర్సు కాబట్టి జ్వరం చార్టు రాసినట్టు పొల్లు పోకుండా రాసి ఉంటుంది.

ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఒళ్ళు మండి. మొన్న శనివారం మా డిస్పెన్సరీ కమిటీ కూర్చుంది. కార్యదర్శి సమాధానం గారు నన్ను పిలిచి, "జకరయ్యా, నాలుగేండ్లు మందులపెట్టె మోసినావు, ఇంక చాల్లే. గేటుకాడ కూచో. జీతంలో కోత పెట్టం" అన్నారు. అని ఊరుకోలేదు, అక్కడికక్కడే స్టూలు తెప్పించారు. కొత్తది, ఇంకా వార్నిషు వాసన పోలేదు. ఆ స్టూలుకు నాలుగు కాళ్ళున్నాయి. నా కంటే మూడు ఎక్కువ. కావాలంటే దాన్నే మందులు మోయమనండి అన్నాను. తీర్మానం పుస్తకంలో "ఒంటికాలి మనిషి బండి నడపజాలడు గనుక" అని రాసుకున్నారు. నా కళ్ళముందే రాశారు.

డిస్పెన్సరీ బండి నీకు తెలిసిందే. మిలిటరీ వేలంలో నువ్వే ఏరి కొనిపెట్టిన మూడువందల యాభై సీసీ మోటారుసైకిలు. లారీ దెబ్బకు హ్యాండిలు వంగి ఏడాదిగా షెడ్డులో పడుంది. సరస్సు అంచు ఊళ్ళకు మందులు ఇప్పుడు వారానికోసారి ఎడ్లబండిలో పోతున్నాయి. పోయేసరికి జ్వరమన్నా తగ్గుతుంది, మనిషన్నా పోతాడు.

కాబట్టి ఒకే ప్రశ్న. గేరు కుడికాలికి ఉంది, అది నాకు మిగిలే ఉంది. వెనక బ్రేకు ఎడమకాలికి. అది లేదు. ఏం చేయాలో రాయి. చేయొద్దని రాసేటట్టయితే ఆ కార్డు నీ దగ్గరే ఉంచుకో.

జకరయ్య

*

మదరాసు
13 సెప్టెంబరు 1961

తమ్ముడు జకరయ్యకు సలాం.

ఏడాది తరవాత ఉత్తరం రాస్తే అందులో ఒక్క తీపి మాట లేదు. నువ్వు బాగుపడ్డావని దాంతో తెలిసింది. మీ వదినకు చదివి వినిపించాను. స్టూలు దగ్గర నవ్వింది, తరవాత కళ్ళు తుడుచుకుంది.

నేను పనిచేసే షాపుకు ఇక్కడి మోటారు క్లబ్బు వాళ్ళు బండ్లు తెస్తారు. వాళ్ళకొక ఆట ఉంది, ట్రయల్సు అంటారు. రేసు కాదు. రాళ్ళగుట్ట, బురద, ఇసుక, వాగు ఇలాంటి చోట్ల పది ఇరుకు దారులు గుర్తుపెడతారు. వాటిలో నడక కంటే నెమ్మదిగా బండిని పోనివ్వాలి. ఒక్కో దారి దగ్గర ఒక పెద్దమనిషి అట్ట పట్టుకుని చూస్తుంటాడు. కాలు నేలకు ఒకసారి ఆనితే ఒక మార్కు. అదే దారిలో మళ్ళీ ఆనితే మూడు. బండి ఆగినా పడినా అయిదు. చివరకు ఎవరికి మార్కులు తక్కువుంటే వాడు గెలిచినట్టు. అన్నీ తప్పుల మార్కులే. రెండు కాళ్ళున్న దొరబిడ్డలు అస్తమానం కాలు కింద పెట్టి మార్కులు తెచ్చుకుంటారు. అది చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తున్నావు. కాలు కింద పెట్టడమే తప్పైన ఆట, నీకోసమే కనిపెట్టినట్టుంది.

సరస్సు అంచు బురదకు కావలసిన బండి కూడా అదే. అందుకని బాగుచేస్తే ఆ పద్ధతిలోనే చెయ్యి. వెనక పళ్ళచక్రం పెద్దది పంపుతున్నాను, అది వేస్తే వేగం చచ్చి బలం వస్తుంది. మడ్‌గార్డులు టైరుకు నాలుగు వేళ్ళ ఎత్తున బిగించు, లేకపోతే బురద ఇరుక్కుని చక్రం పట్టేస్తుంది. పొగగొట్టం పైకి లేపి కట్టు. ఇంజను కింద మందపాటి రేకు వెయ్యి. హ్యాండిలు వెడల్పుది వేసుకో, కాళ్ళు ఆనే కడ్డీలు కాస్త వెనక్కీ పైకీ జరుపు, నిలబడి నడపాలి కదా. వెనక బ్రేకుకు ఇంకో చేతిలివరు పంపుతున్నాను. క్లచ్చు కింద బిగించుకుంటే ఎడమచేత్తోనే రెండూ పట్టొచ్చు.

చేతిలివరు బాగానే ఉంటుందనుకుంటున్నాను. తేడా వస్తే దాచకుండా రాయి.

అమీర్ బాషా

*

దొరవారిసత్రం
8 అక్టోబరు 1961

అమీర్ భాయ్‌కి,

నీ పార్శిలు అందింది. నీ ఉత్తరం తీసుకుపోయి సమాధానం గారి ముందు పెట్టాను. మదరాసు ట్రయల్సులో మొదటి పదిమందిలో వస్తే నా బండి నాకివ్వాలి అన్నాను. రాకపోతే, బాగుచేసిన బండిని వాళ్ళ చేతిలో పెట్టి జీవితాంతం స్టూలు మీద కూర్చుంటాను. బండి అప్పుడు ఆయన మేనల్లుడు హెబ్రోను నడుపుతాడు. మంచి కుర్రాడే, ఇరవై రెండేళ్ళవాడు, రెండు కాళ్ళూ ఉన్నాయి.

పందేలు క్రైస్తవులకు తగవని ఆయన బాధపడ్డారు. కాసేపు ఆలోచించి దీన్ని ఒప్పందం అందాం అన్నారు. కాగితం రాసి సంతకాలు చేశాం. నవోమి సాక్షి సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు కలం కాగితంలోకి దిగిపోయేంత గట్టిగా నొక్కింది.

ఇంక బండి. నువ్వు చెప్పినవన్నీ చేశాను. చేతిలివరు మాత్రం కుదరలేదు భాయ్. చదునులో బాగానే ఉంది. కరకట్ట దిగేటప్పుడు క్లచ్చు సగం, బ్రేకు సగం పట్టాలి. అయిదు వేళ్ళకు ఇద్దరు యజమానులైతే ఏ ఒక్కరి మాటా వినవు. మూడుసార్లు బురదలో పడ్డాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సమాధానం గారు నవ్వారు. నాకు కడుక్కోవాల్సింది ఒక్కటేనండీ, మీకంటే సగం పని అన్నాను.

ఉప్పుగాలికి చైను తుప్పు పడుతోంది. పడవలకు పూసే సొరచేప నూనె రెండు పూతలు దట్టించాను. ఏ ఉప్పూ దాన్ని దాటి రాదని పడవలోళ్ళు ఒట్టేసి చెప్పారు.

జకరయ్య

*

మదరాసు
16 అక్టోబరు 1961

జకరయ్యకు,

నీ తలలో ఉన్నది కూడా సొరచేప నూనేనా? పడవ నీళ్ళలో పోతుంది, నీ చైను ఇసుకలో పోతుంది. ఆ జిగురుకు ఇసుక పట్టుకుని ఆకురాయిలా పళ్ళను తినేస్తుంది. నేను పంపిన పళ్ళచక్రం ఈపాటికి సగం అరిగి ఉంటుంది. వెంటనే చైను విప్పు, కిరసనాయిల్లో నానబెట్టి కడుగు, ఎండలో ఆరబెట్టు. ఇంజనాయిలు గోరువెచ్చగా చేసి అందులో ఒక పూట ముంచి ఉంచు. తరవాత పైన ఒక్క చుక్క లేకుండా గుడ్డతో తుడువు. నూనె చైను కీళ్ళలో ఉండాలి, పైన కాదు.

సరస్సు నుంచి వచ్చిన ప్రతిసారీ బావినీళ్ళతో కడగాలి. ఎంత అలసిపోయినా సరే, నువ్వు స్నానం చేసేది దాని తరవాతే. ముఖ్యంగా చక్రం పుల్లలూ, బ్రేకు డ్రమ్మూ. ప్లగ్గూ పాయింట్లూ వారానికోసారి చూడు. టైర్లలో గాలి బాగా తగ్గించు, బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి దిగాలి. అలా తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి ట్యూబు మూతిని తెంపుతుంది, అది జారకుండా పట్టే బోల్టు రెండు చక్రాలకీ వెయ్యి.

ఒప్పందం సంగతి చదివి సగం రోజు పనిచేయలేకపోయాను. మొన్నటి ఆటకు ఇరవైయారు మంది వచ్చారు. అందరూ ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళు. అందులో పదిమందిలోకి రావడమంటే మాటలా? నన్నొక్క మాట అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. అందుకే అడగలేదని కూడా తెలుసు.

చేతిలివరు నా తప్పే. ఇంకో దారి ఆలోచిస్తాను.

అమీర్

*

దొరవారిసత్రం
19 నవంబరు 1961

అమీర్ భాయ్‌కి,

నువ్వు ఆలోచించనక్కరలేదు, దారి దొరికింది.

సొరనూనె కడిగేశాను. అది పూసినన్నాళ్ళూ ఊళ్ళో కుక్కలన్నీ బండి వెంట ఊరేగింపుగా వచ్చేవి. ఇప్పుడు మనుషులే వస్తున్నారు.

ఇక్కడ ఓబయ్య అని పడవలు చేసే వడ్రంగి ఉన్నాడు. నా కట్టెకాలు అడుగు అరిగితే కొత్త తుమ్మచెక్క బిగించేది ఆయనే. నేను బ్రేకుతో అవస్థ పడుతుంటే కట్ట మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూశాడు. చివరికి, "చుక్కానికి పిడికర్ర కురచైతే పడవ గింజుకుంటాది అబ్బయ్యా. పొడుగు చెయ్, మెత్తంగా మాట వింటాది" అన్నాడు. అంతే, దిగివచ్చి పనిలో పడ్డాడు.

ఎడమవైపు కాలు ఆనే కడ్డీ తీసేశాం. అక్కడ కట్టెకాలు కూర్చునే చెక్కగిన్నె బిగించాం. బ్రేకు పెడలు కోసేసి, పొడుగు కడ్డీ అతికి, దాని కొసకు అరచేయంత పలక పెట్టాం. ఆ పలక నా పిక్క ఉండాల్సిన చోటికి వెనకనుంచి వస్తుంది. కాలు గిన్నెలోనే ఉంటుంది, మోకాలితో వెనక్కి నొక్కితే బ్రేకు. కడ్డీ పొడుగు కాబట్టి వెంట్రుకవాసి నొక్కొచ్చు. పాదం ఉన్నప్పుడు కూడా నేను ఇంత మెత్తగా బ్రేకు వేయలేదు.

నువ్వు భయపడతావని ముందే రాస్తున్నా, గిన్నె బయటివైపు తెరిచే ఉంచాం. పడితే కాలు ఊడి వస్తుంది. గట్టిగా ఎగిరిపడ్డా అప్పుడప్పుడు ఊడుతోంది. అదొక్కటే చిక్కు.

ఈ తీరాన రాయి అనేదే లేదు, అంతా ఇసుకా బురదా. అందుకని సున్నానికి కాల్చే గుల్ల కుప్పల మీద ఎక్కిస్తున్నాను. గుల్ల కింద నుంచి జారిపోతుంటే బండిని నిలబెట్టినవాడికి రాళ్ళగుట్ట సిమెంటు గచ్చే. సున్నంబట్టీ వాళ్ళు మొదట తిట్టారు. ఇప్పుడు నేను రాకముందే కుప్పను ఎత్తుగా పోసి పెడుతున్నారు.

జకరయ్య

*

మదరాసు
20 డిసెంబరు 1961

తమ్ముడూ,

నీ ఓబయ్యకు నా సలాం చెప్పు. ఇరవై ఏళ్ళు బ్రేకులు బిగించినవాణ్ణి, నాకీ ఊహ రాలేదు. కార్బురేటరు సూది ఒక మెట్టు దించి చూడు, ఇంజను ముసలివాడి దగ్గులా ఆగి ఆగి కొట్టుకోవాలి, ఆరిపోకూడదు.

ఆట జనవరి ఇరవై ఎనిమిది, ఆదివారం. పల్లావరం అవతల రాళ్ళు కొట్టిన గుట్టల్లో. నీ పేరు రాయించాను.

రాసిన ప్రతిసారీ బండి సంగతే రాస్తున్నావు. నీ కాలు ఎలా ఉంది? రోజుకు నాలుగు గంటలు నిలబడి నడిపితే తెగిన కాలి మోడు ఊరుకోదు.

అమీర్

*

దొరవారిసత్రం
12 జనవరి 1962

అమీర్ భాయ్‌కి,

కాలు బాగానే ఉంది. మళ్ళీ అడగొద్దు.

ఆదివారం ఆరాధన మానుకుని ఆటలాడతాడా అని సమాధానం గారు నొచ్చుకున్నారు. విశ్రాంతిదినాన గుంటలో పడ్డ గొర్రెను పైకి తీయవచ్చునని బైబిల్లోనే ఉందండీ, ఇప్పుడు గుంటలో ఉన్నది నేనే అని చెప్పాను.

శనివారం సాయంత్రానికి బండి మీదే వస్తాను. వదినను చేపల పులుసు పెట్టమను.

జకరయ్య

*

దొరవారిసత్రం
31 జనవరి 1962

అమీర్ బాషా గారికి,

మీకు చెప్పకుండా వచ్చేసినందుకు కారణం రాస్తున్నాను. మీకు తెలియని భాగం కొంత ఉంది, తెలిసిన భాగం ఇంకా ఎక్కువ ఉంది.

ఆట ముగిశాక బోర్డు మీద పేర్లు పెట్టారు. నాది ఎనిమిదోది, పద్నాలుగు మార్కులు. మీరు నన్ను ఎత్తుకుని తిప్పారు. మీరు టీ తేవడానికి పోయినప్పుడు నేను నా మార్కుల అట్ట అడిగి చూసుకున్నాను. అందులో నాలుగు దారుల దగ్గర సున్నాలున్నాయి. ఆ నాలుగు చోట్లా నా కట్టెకాలు గిన్నెలోంచి ఊడి రాయి మీద ఆనింది. చప్పుడు నాకు వినబడింది, అట్ట పట్టుకున్నవాళ్ళకూ వినబడి ఉండాలి.

గుట్ట మలుపు దగ్గర కూర్చున్న తెల్లటోపీ పెద్దాయన దగ్గరికి పోయి అడిగాను. ఆయన దయగల మనిషి. భుజం తట్టి, పొద్దున మీ మెకానిక్కు అందరితో మాట్లాడాడు, కట్టె తగిలితే కాలు తగిలినట్టు కాదని అనుకున్నాం, వెళ్ళి కప్పు కాఫీ తాగు అన్నాడు.

"అయ్యా, పొద్దున మీ ముందుకు నడిచొచ్చింది దాని మీదనే. అది నా ఎడమకాలు. నేలకానింది. రాయండి" అన్నాను.

ఆయన మిగతా ముగ్గుర్నీ పిలిపించాడు. నలుగురూ ఒక్కొక్కరే అట్ట మీద "ఎడమకాలు ఆనినది, ఒకటి" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టారు. పద్నాలుగు పద్దెనిమిది అయింది. ఎనిమిది పదకొండయింది. అట్ట జేబులో పెట్టుకుని, బండి ఎక్కి ఇంటికొచ్చాను.

సమాధానం గారు నాకు స్టూలు ఇచ్చారు. మీరూ స్టూలే ఇచ్చారు. ఆయన గేటు దగ్గర వేశారు, మీరు గుట్ట మీద వేశారు. ఆయన నాకు చెప్పి వేశారు.

జకరయ్య

*

మదరాసు
6 ఫిబ్రవరి 1962

జకరయ్యకు,

గారు అంటావా నన్ను? అను. పటాలంలో ఉండగా ఝాన్సీలో నీకు జ్వరమొస్తే వారం రోజులు నీ బండి కూడా నేనే తుడిచాను, అప్పుడు అనలేదు.

అవును, మాట్లాడాను. ఎందుకో విను. ఆ పొద్దున నువ్వు మా పెరట్లో కాలు కట్టుకుంటుంటే తలుపు సందులోంచి చూశాను. మేజోడు నెత్తురుతో తడిసి ఉంది. కొత్త నెత్తురు పాత మరకల మీద పడింది. అంటే ఎన్ని వారాలనుంచో అలాగే ఉందన్నమాట. "కాలు బాగానే ఉంది, మళ్ళీ అడగొద్దు" అని రాసింది ఎవరు? నువ్వు నాకు అబద్ధం రాయొచ్చు, నేను నీకోసం ఒక మాట మాట్లాడితే మాత్రం పెద్ద నేరం.

ఆ నెత్తురుతో పది దారులు నడిపి, ఒక్క మార్కు తేడాతో నువ్వు గేటు దగ్గర కూర్చోవడం నాకు చేతకాలేదు. నీకు చేతనైంది. సరే, నీ అంత గట్టివాణ్ణి కాను.

మార్కులు రాయించుకుని ఏం సాధించావు? బండి పోయింది. దాన్ని మనం ఇద్దరం అయిదు నెలలు ఉత్తరాల మీద కట్టాం. ఇప్పుడు దాన్ని మేనల్లుడికి అప్పగిస్తావు. నా కోపం దానికి.

అమీర్

*

దొరవారిసత్రం
25 ఫిబ్రవరి 1962

అమీర్ భాయ్‌కి,

నీ ఉత్తరాన్ని నవోమి ముందుగా చదివింది. ఆయన తిట్టింది సబబే అంది. మోడు పుండు పడ్డ సంగతి నీకు రాయమని డిసెంబరులోనే పోరింది. నేనే రాయలేదు. నీ దగ్గర దాచడం తప్పు, ఒప్పుకుంటున్నాను. రాస్తే బండి నడపొద్దంటావని భయపడ్డాను. ఇప్పుడు పుండు మానుతోంది, స్టూలు మీద కూర్చున్నవాడికి మానక ఏమవుతుంది.

అవును, కూర్చున్నాను. ఇచ్చిన మాట కదా. కమిటీ ముందు అట్టా తాళంచెవీ రెండూ పెట్టి, పదకొండోవాణ్ణి, ఓడిపోయాను అని చెప్పాను. సమాధానం గారు అట్టను అటూ ఇటూ తిప్పి చూశారు. అప్పుడు నవోమి లేచింది. పిలవకుండా కమిటీలో మాట్లాడిన ఆడమనిషి ఇంతవరకూ లేదు. "మీ పుస్తకంలో ఒంటికాలి మనిషి అని రాసుకున్నారు. ఈ అట్టలో ఆయన ఎడమకాలు నాలుగుసార్లు ఉంది, నలుగురి సంతకాలున్నాయి. ఈ రెంటిలో ఏది అబద్ధమో అది కొట్టెయ్యండి" అంది. ఎవరూ ఏదీ కొట్టేయలేదు. ఒప్పందం ఒప్పందమే అన్నారు. నేనూ అదే అన్నాను.

మార్కులు రాయించుకుని ఏం సాధించావని అడిగావు. ఎనిమిదోవాడిగా ఉంటే బండి దొరికేది, నిజమే. కానీ అది రెండు కాళ్ళవాళ్ళ మధ్య ఒక కుంటివాడు, పాపం, ఎనిమిదోవాడు అయ్యుండేది. నేను ఒట్టి పదకొండోవాణ్ణి. నా వెనక పదిహేనుమంది ఉన్నారు భాయ్, అందరికీ రెండేసి కాళ్ళు. రాత్రి పడుకునే ముందు వాళ్ళను తలుచుకుంటే హాయిగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. హెబ్రోను బండి తీశాడు. గేటు నేనే తెరిచాను. ఎడమపాదం చెక్కగిన్నెలో పట్టలేదు, గాలిలో వేలాడేసుకునే పోయాడు. ఆవరణ చివర మలుపులో బ్రేకు కోసం పాదంతో నొక్కాడు. అక్కడేముంది, గాలి. నేరుగా నాగజెముడు కంచెలోకి పోయాడు. నవోమి ఒక పూటంతా ముళ్ళు తీసింది. పాపం మళ్ళీ రెండుసార్లు ప్రయత్నించాడు. పిక్క వెనక ఉన్న బ్రేకును నేను వేయలేనని మామకు చెప్పేశాడు. మోటారుబండి వచ్చింది కదా అని ఎడ్లబండి మాన్పించారు, మందులపెట్టె రెండు వారాలుగా కదల్లేదు. అంచు ఊళ్ళ నుంచి మనుషులు నడిచివచ్చి గేటు దగ్గర నన్ను తిడుతున్నారు, నేనేదో బండి ఎక్కడానికి బద్ధకించినట్టు.

సమాధానం గారు బండిని మామూలుగా మార్చిపెట్టమని నీకు రాస్తారట. రాస్తే చెయ్యి. ఒప్పందంలో బాగుచేసిన బండి ఇస్తానన్నాను. ఒక్కటే కోరిక. నాకోసం మళ్ళీ ఎవరినీ బతిమాలొద్దు.

జకరయ్య

*

మదరాసు
5 మార్చి 1962

తమ్ముడు జకరయ్యకు,

మొదట నా తప్పు. నువ్వు దాచిన పుండు నీ ఒంటిదే, దాచుకోవడం నీ ఇష్టం. నేను చేసింది నీ వెనక నీ మాట నేను మాట్లాడటం. నిన్ను స్టూలు మీద చూడలేక నేనే కూర్చోబెట్టాను. ఇది రాయడానికి నెలరోజులు పట్టింది. మీ వదిన పక్కన కూర్చుని రాయించింది.

మీ కార్యదర్శి గారి ఉత్తరం వచ్చింది. బతిమాలొద్దన్నావు కదా, బతిమాలలేదు. నేను రాసిన జవాబు నకలు ఇదిగో:

"అయ్యా, తమరు బాగుచేయమన్న బండిని జనవరిలో నేను దగ్గరుండి చూశాను. అందులో ఏ లోపమూ లేదు. చైను, బ్రేకు, చక్రాలు, ఇంజను అన్నీ సక్రమంగా ఉన్నాయి. మా షాపులో పాడైన బండ్లను బాగుచేస్తాం. బాగున్నవాటిని పాడుచేసే పని మేం పెట్టుకోలేదు. బ్రేకు దొరకనిది తమ మేనల్లుడికి. ఆ బండి నడపడానికి అతనికి కావలసిన కాలు మా దగ్గర అమ్మకానికి లేదు. మీ ఊళ్ళో ఓబయ్య అనే వడ్రంగి చేస్తాడని విన్నాను. ముందు అతన్ని అడగండి. చిత్తగించగలరు."

నువ్వు మాట ఇచ్చావు, నేను ఎవరికీ ఇవ్వలేదు.

అమీర్ భాయ్

*

దొరవారిసత్రం
18 మార్చి 1962

భాయ్,

కార్డే రాస్తున్నాను, తీరిక లేదు.

నీ ఉత్తరం సమాధానం గారు మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగారు. నాలుగోరోజు గేటు దగ్గరికి వచ్చారు. నేను లేవలేదు. ఆయన నిలబడే ఉన్నారు. "బండి తీసకపో జకరయ్యా" అన్నారు. ఒప్పందం సంగతి ఏమిటన్నాను. దాన్ని కమిటీ రద్దు చేసుకుందన్నారు. అయితే పుస్తకంలో ఆ ఒంటికాలి మాట కొట్టేస్తేనే తీస్తాను అన్నాను. పుస్తకం గేటు దగ్గరికే తెప్పించి, నా ముందే కొట్టేశారు. పక్కన నా అట్ట అతికించమన్నాను. అతికించారు. మనిషి మొండివాడే గానీ అబద్ధమాడడు.

పెట్టె వెళ్ళింది, రెండు ట్రిప్పులు. మోడుకు నవోమి దూదిమెత్త కుట్టింది, రోజూ విప్పి చూపించాలని షరతు పెట్టింది. గిన్నె అంచు ఓబయ్య అర అంగుళం పెంచాడు, ఇప్పుడు ఊడటం లేదు. వచ్చే జనవరికి నా పేరు రాయించు. పొద్దున ఎవరితోనూ మాట్లాడకు.

స్టూలును వెనక్కి పంపబోయారు, నేనే అడిగి ఉంచుకున్నాను. సరిగ్గా సరిపోయే ఎత్తు. చక్రాలు విప్పేటప్పుడు ఇంజను కింద పెడుతున్నాను.

జకరయ్య